ర్యాక్ ప్రీఆంప్‌కు ఏ పవర్ ఆంప్ కలుస్తది? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి, ఈ వైపు గిటార్ వాయించేటోళ్ళు ఎక్కువగ చర్చి బ్యాండ్లల్ల, ఆర్కెస్ట్రాలల్ల, కాలేజీ బ్యాండ్లల్ల ఉంటరు. చాలామంది ప్రాసెసర్ పెడల్ నుంచి నేరుగ మిక్సర్‌కు పోతరు, పని నడుస్తది. కానీ పాత ర్యాక్ ప్రీఆంప్ (ఇనుప చట్రంల స్క్రూలతో బిగించే, గిటార్ టోన్ తయారుచేసే డబ్బా) ఒకటి సెకండ్ హ్యాండ్‌ల చేతికొచ్చినంక అసలు ప్రశ్న మొదలైతది, దీని వెనక ఏం పెట్టాలె అని. అందరూ ముందు వాట్లు అడుగుతరు. నా లెక్కల వాట్లు చివరికి చూడాల్సినవి. ముందు ఓమ్స్ (స్పీకర్ కరెంట్‌కు ఇచ్చే అడ్డు), తర్వాత లెవెల్ (సిగ్నల్ ఎంత బలం), తర్వాత టోన్, అవి మూడు కుదిరినంకనే వాట్లు.

ప్రీఆంప్‌ల డిస్టార్షన్ ఉంది, ఈక్యూ (బేస్, మిడ్స్, ట్రెబుల్ సరిచేసేది) ఉంది, వాల్యూమ్ ఉంది. మళ్ళ పవర్ ఆంప్ ఎందుకన్నా?

ప్రీఆంప్ చేసేది గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను లైన్ లెవెల్‌కు పెంచుడు, దారిల టోన్‌కు ఒక రూపం ఇచ్చుడు. బయటికొచ్చేది మహా అయితే ఒక వోల్ట్, రెండు వోల్ట్‌లు, కరెంట్ అయితే లేనట్టే. స్పీకర్ కోన్ కదలాలంటే అది సాలదు. 8 ఓమ్స్ స్పీకర్‌ల 50 వాట్లు పడాలంటే 20 వోల్ట్‌లు, రెండున్నర ఆంపియర్లు కావాలె. ఆ కండ ఇచ్చేదే పవర్ ఆంప్. ప్రీఆంప్ అవుట్‌పుట్‌ను నేరుగ క్యాబినెట్‌కు (స్పీకర్ డబ్బాకు, దాన్నే క్యాబ్ అంటరు) గుచ్చితే ఏం కాలిపోదు గానీ, చెవి దగ్గర పెట్టుకుంటే దోమ పాడినట్టు వినిపిస్తది, అంతే.

ట్యూబ్ పవర్ ఆంప్ మంచిదా, సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్లది) మంచిదా? నిజంగ తేడా వినిపిస్తదా?

వినిపిస్తది, అదీ వాల్యూమ్ పెంచకముందే వినిపిస్తది. చాలామంది ట్యూబ్ పవర్ ఆంప్ గట్టిగ నెట్టినప్పుడే పనిచేస్తది, తక్కువ వాల్యూమ్‌ల ట్రాన్సిస్టర్ అయినా అదే అనుకుంటరు, అది సగమే నిజం.

స్పీకర్ మీద 8 ఓమ్స్ అని రాసుంటది గానీ అది ఒక్క చోట నిలబడే నంబర్ కాదు. గిటార్ స్పీకర్‌కు సుమారు 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్యల రెజొనెన్స్ ఉంటది, అక్కడ ఇంపెడెన్స్ (అంటే ఈ ఓమ్సే) ఎన్నో రెట్లు పెరుగుతది, మిడ్స్ కాడ కిందికొస్తది, మళ్ళ ట్రెబుల్ దిక్కు పోయేకొద్దీ కాయిల్ వల్ల మెల్లగ ఎక్కుతది. సాలిడ్ స్టేట్ ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సున్నాకు దగ్గర, కాబట్టి స్పీకర్ ఎట్ల మారినా అదే వోల్టేజ్ ఇస్తది. ట్యూబ్ ఆంప్‌కు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ, అందుకే స్పీకర్ ఇంపెడెన్స్ ఎక్కడ పెరిగితే అక్కడ వోల్టేజ్ గూడ పెరుగుతది. అంటే కింద బేస్ కాడ ఒక ఉబ్బు, పైన ట్రెబుల్ కాడ ఒక మెరుపు వాటంతట అవే వస్తయి. ఎడ్లబండి పగ్గం బిగబట్టి తోలుడుకూ జర వదిలి తోలుడుకూ ఎంత తేడానో అంత తేడా, సాలిడ్ స్టేట్ కోన్‌ను బిగబట్టి ఆపుతది, ట్యూబ్ దాన్ని జర ఊగనిస్తది.

అందుకే అదే ప్రీఆంప్, అదే ప్యాచ్ (సేవ్ చేసుకున్న టోన్ సెట్టింగ్), అదే క్యాబ్ పెట్టి పవర్ ఆంప్ ఒక్కటి మారిస్తే, సాలిడ్ స్టేట్‌ల టోన్ చప్పగ, మిడ్స్ ముందుకు తోసినట్టు అనిపిస్తది. ఇది ఆంప్ తప్పు గాదు. ఈక్యూతోని సగం కన్నా ఎక్కువే సరిచేయొచ్చు: 80 నుంచి 100 హెర్ట్జ్ కాడ కొంచెం పెంచు, 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ కాడ కొంచెం పెంచు. ట్యూబ్ పవర్ ఆంప్‌ల మీద ప్రెజెన్స్, డెప్త్ అని ఉండే నాబ్‌లు చేసేది ఇంచుమించు ఇదే, అవి నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్‌ల పనిచేస్తయి.

నా మాట అడిగితే, హై గెయిన్ (డిస్టార్షన్ బాగ ఎక్కువ) రిథమ్ వాయించేటోళ్ళకు, పామ్ మ్యూట్ (అరచేయి ఆనించి తీగెలు ఆపుడు) టక్కున ఆగాలె అనేటోళ్ళకు సాలిడ్ స్టేట్ బాగనే సరిపోతది. క్లీన్, క్రంచ్ (కొంచెం డిస్టార్షన్) మధ్యల గిటార్ వాల్యూమ్ నాబ్‌తోని ఆడుకునేటోళ్ళకు ట్యూబ్ లేకుంటే ఏదో వెలితి ఉంటది.

ఓమ్స్ గురించి అందరూ భయపెడతరు. అసలు ఏం చూడాలె?

ఇదొక్కటి గట్టిగ గుర్తుంచుకుంటే మిగతావి తప్పినా సామాన్లు బతుకుతయి.

ట్యూబ్ పవర్ ఆంప్‌ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. వెనక 4, 8, 16 అని జాక్‌లు ఉంటే క్యాబ్ ఏ ఓమ్స్ అయితే ఆ జాక్‌లనే పెట్టాలె. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం స్పీకర్ లేకుండ ఆన్ చేసి వాయించుడు. లోడ్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీల వోల్టేజ్ లేచి ఇన్సులేషన్ చీల్చుకుంటది, ట్యూబ్ సాకెట్ల కాడ నిప్పురవ్వలు కొడతయి, వైండింగ్ పోతది. బోరు మోటర్ వైండింగ్ లెక్క మన ఊర్ల చుట్టించుడు గాదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుడే కష్టం. స్టీరియో పవర్ ఆంప్‌ల ఒక్క సైడే వాడుతున్నా రెండో సైడ్ వాల్యూమ్ సున్నా పెట్టాలె, ఇన్‌పుట్‌కు ఏం కలపొద్దు, వీలైతే దానికీ ఒక లోడ్ పెడితే ఇంకా మంచిది.

సాలిడ్ స్టేట్ దీనికి ఉల్టా. స్పీకర్ లేకున్నా ఏం గాదు, ఎక్కువ ఓమ్స్ పెట్టినా ఏం గాదు, వాట్లు తగ్గుతయి అంతే. రాసిన కనిష్ఠం కన్నా తక్కువ ఓమ్స్ పెడితేనే కరెంట్ ఎక్కువ గుంజి వేడెక్కి ట్రిప్ అయితది, లేకుంటే ట్రాన్సిస్టర్లు పోతయి. బ్రిడ్జ్ మోడ్‌ల (రెండు ఛానళ్ళు కలిపి ఒక్కటిగ వాడుడు) మరీ జాగ్రత్త, ఒక్కో ఛానల్‌కు కనిష్ఠం 4 ఓమ్స్ అయితే బ్రిడ్జ్‌ల 8 ఓమ్స్ అయితది.

క్యాబ్ మీద స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే మల్టీమీటర్ పెట్టుర్రి. ఏ మోటర్ వైండింగ్ షాపుల అడిగినా ఒక నిమిషం ఇస్తరు. క్యాబ్‌కు స్పీకర్ కేబుల్ గుచ్చి, అవతలి జాక్ కొనకు ఒక ప్రోబ్, మెడకు ఇంకో ప్రోబ్ పెట్టి రెసిస్టెన్స్ చూస్తే, మీటర్ డీసీ చూపిస్తది కాబట్టి అసలు నంబర్ కన్నా తక్కువ కనిపిస్తది: 6, 7 మధ్యల చూపిస్తే అది 8 ఓమ్స్ క్యాబ్, 12, 13 చూపిస్తే 16, మూడు దగ్గర చూపిస్తే 4. చూసేటప్పుడు కోన్‌ను వేలితోని మెల్లగ నొక్కితే రీడింగ్ ఊగాలె. ఊగకుండ ఓపెన్ అని చూపిస్తే కాయిల్ పోయింది, లేకుంటే లోపల వైరు ఊడింది.

మార్షల్ 1960 క్యాబ్ ఎక్కువమంది చూసేది కాబట్టి చెప్తున్న, దాని వెనక మోనోల 4, 16 అని రెండు జాక్‌లు, స్టీరియోల ఒక్కో పక్కకు 8 ఓమ్స్. చిన్న క్లాస్ డీ (తేలికైన ట్రాన్సిస్టర్ రకం) పవర్ ఆంప్‌లు వాడేటోళ్ళు ఇది చూడకుండ 16 ల పెట్టి ఇదేంది సౌండే లేదు అంటరు. సీమోర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 అనేది 4 ఓమ్స్ కాడ 170 వాట్లు, 8 కాడ దాదాపు సగం, 16 కాడ అందుల సగం. జాక్ మారిస్తే పైసా ఖర్చు లేకుండ వాట్లు వస్తయి.

ప్రీఆంప్ వెనక మైనస్ 10, ప్లస్ 4 అని స్విచ్ ఉంది. ఏది పెట్టాలె?

జరసేపు లెక్క చూద్దాం. మైనస్ 10 అంటే 0.316 వోల్ట్‌లు, ప్లస్ 4 అంటే 1.23 వోల్ట్‌లు. రెంటి మధ్య తేడా సుమారు 12 డెసిబెల్స్. ఇప్పుడు మామూలు పీఏ (స్టేజ్ సౌండ్ సిస్టమ్) పవర్ ఆంప్ గెయిన్ 26 డెసిబెల్స్ అనుకుందాం, అంటే వచ్చిన వోల్టేజ్‌ను 20 రెట్లు చేస్తది. ప్లస్ 4 పెడితే 24 వోల్ట్‌ల పైన వస్తది, 8 ఓమ్స్‌ల అది 75 వాట్లు. మైనస్ 10 పెడితే 6 వోల్ట్‌ల పైన, అంటే 5 వాట్లు. అదే ఆంప్, నాబ్ ఫుల్, కానీ 75 కు బదులు 5. ఆంప్‌ల దమ్ము లేదు అని అమ్మేసుకునేటోళ్ళు ముందు ఈ స్విచ్ చూడాలె.

గిటార్ కోసం చేసిన ట్యూబ్ పవర్ ఆంప్‌లు చాలావరకు తక్కువ సిగ్నల్‌కే ఫుల్ అయితయి, వాటికి మైనస్ 10 నడుస్తది. స్టేజ్ మీద వాడే పీఏ ఆంప్‌లకు ప్లస్ 4 పెట్టుర్రి. మధ్యల డిలే, రివర్బ్ యూనిట్ ఉంటే అది ఏ లెవెల్ తట్టుకుంటదో గూడ చూడాలె, లేకుంటే డిజిటల్ క్లిప్పింగ్ (లెవెల్ ఎక్కువై సిగ్నల్ తెగుడు) చిరచిర వస్తది, అది డిస్టార్షన్ ప్యాచ్‌ల కలిసిపోయి దొరకదు, క్లీన్ ప్యాచ్ పెట్టి గట్టిగ కొట్టి వినాలె.

సెట్ చేసే పద్ధతి ఇది: పవర్ ఆంప్ సున్నా, ప్రీఆంప్ అవుట్‌పుట్ సగం. మీ అన్ని ప్యాచ్‌లల్ల ఎక్కువ లౌడ్ ఉన్నది పెట్టి కింది తీగెల మీద గట్టిగ కొడుతూ పవర్ ఆంప్ మెల్లగ పెంచుర్రి. అవసరమైన వాల్యూమ్ రాకముందే హిస్ ఎక్కువైతే ప్రీఆంప్ పెంచి పవర్ ఆంప్ తగ్గించాలె. పీఏ ఆంప్ ముందు నాబ్‌లు చాలావాటిల సిగ్నల్‌ను తగ్గించేవే, ఫుల్ పెట్టినంత మాత్రాన ఆంప్ మీద బరువు పడదు.

మా ఊర్ల మైక్ సెట్ ఆంప్ ఉంది, అహుజా లాంటిది. దానికి కలపొచ్చా?

కలపొచ్చు, కానీ వెనక టెర్మినళ్ళు చదివి కలపాలె. మైక్ సెట్ ఆంప్‌ల వెనక చాలావాటికి 4, 8, 16 ఓమ్స్‌తో పాటు 70 వోల్ట్, 100 వోల్ట్ అని గూడ స్క్రూలు ఉంటయి. ఆ 100 వోల్ట్ లైన్ దూరదూరం కట్టే హారన్లకు, ఒక్కో హారన్‌కు లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే. గిటార్ క్యాబ్‌ను అండ్ల పెడితే కాయిల్ కాలుతది. కామన్‌కు ఒక వైరు, మీ క్యాబ్ ఎన్ని ఓమ్స్ అయితే ఆ స్క్రూకు ఇంకో వైరు, అంతే.

ఇన్‌పుట్ సైడ్ ఆక్స్‌లనే పెట్టాలె. మైక్ ఇన్‌పుట్ మిల్లీవోల్ట్‌ల కోసం చేసింది, లైన్ లెవెల్ పడితే మొదటి స్టేజ్‌లనే చిరిగిపోతది. టోన్ సంగతి చెప్పాలంటే అవి మాట, పాట దూరం వినిపించాలె అని చేసినవి, కింది బేస్ పెద్దగ ఉండదు, ప్రాక్టీస్‌కు ఓకే. హారన్‌ల నుంచి మాత్రం గిటార్ వినొద్దు, డిస్టార్షన్ అయితే చెవులు కోస్తది.

డీజే ఆంప్ అద్దెకు దొరుకుతది, రెండు ఛానళ్ళు, మస్తు వాట్లు. అది?

బాగ పనిచేస్తది, పైన చెప్పిన ఈక్యూ సవరణతోని. కానీ తెచ్చుకున్నంక ముందు వెనక స్విచ్‌లు చూడుర్రి. బేస్ బాక్సులకు వాడిన ఆంప్ అయితే లో పాస్ ఫిల్టర్ ఆన్‌ల ఉంటది, గిటార్ మొత్తం దుప్పటి కప్పినట్టు వస్తది, ప్రీఆంప్ ఖరాబైందని హైరానా పడతరు. ఫిల్టర్ ఆఫ్, బ్రిడ్జ్ ఆఫ్, స్టీరియో ఆన్.

కేబుల్ సంగతి: ప్రీఆంప్ అవుట్ మామూలు క్వార్టర్ ఇంచ్, ఆంప్ ఇన్ ఎక్స్‌ఎల్‌ఆర్ అయితే జాక్ కొన నుంచి వైరు 2వ పిన్‌కు, జాక్ మెడ నుంచి వైరు 1, 3 పిన్‌లు రెంటికీ కలిపి సోల్డర్ చేయాలె. ఆంప్ నుంచి క్యాబ్‌కు పోయేది మాత్రం స్పీకర్ కేబులే, మందం రాగి రెండు వైర్లది. గిటార్ కేబుల్ పెట్టొద్దు, అండ్ల సన్నని కోర్, చుట్టూ షీల్డ్, వేడెక్కి షార్ట్ అయితది.

వాట్లు ఎక్కువున్న ఆంప్‌కు ఒకే స్పీకర్ ఉన్న 60 వాట్ల క్యాబ్ కలిపి పెంచితే కోన్ పోతది. సౌండ్ అన్నకు ముందే చెప్పి పెట్టుర్రి, సౌండ్ చెక్‌ల ఆయన అలవాటు కొద్దీ నాబ్ తిప్పేస్తడు.

ఏ ప్రీఆంప్‌కు ఏది? పేర్లు పెట్టి చెప్పన్నా.

ఎక్కువ అడిగేవి మూడు.

మార్షల్ జేఎంపీ-1, 1992 ల వచ్చింది, 1యు (ర్యాక్‌ల ఒక అర ఎత్తు), రెండు ఈసీసీ83 ట్యూబులు, క్లీన్ రెండు, ఓవర్‌డ్రైవ్ రెండు. దీనికి మార్షల్ వాళ్ళవే 9100, 9200 పవర్ ఆంప్‌లు జత, మొదటిది 50 ప్లస్ 50, రెండోది 100 ప్లస్ 100, రెండూ 5881 ట్యూబుల మీద, అది 6ఎల్6 అనే పవర్ ట్యూబు కుటుంబం. చాలామంది ఇంకో రకం ట్యూబు, ఈఎల్34 ఉన్న పవర్ ఆంప్ ఇష్టపడతరు, మిడ్స్ ముందుకొస్తయి, జేఎంపీ-1 ఓవర్‌డ్రైవ్ పైపైన సన్నగ అనిపించేది కాస్త కండపడుతది. వీహెచ్‌టీ 2/50/2 ఈఎల్34 మీద ఒక్కో ఛానల్‌కు 50 వాట్లు, నాకైతే ఈ జోడి చెవికి బాగ పట్టింది.

ఏడీఏ ఎంపీ-1, 1987 ది. క్లీన్ ట్యూబ్, డిస్టార్షన్ ట్యూబ్, సాలిడ్ స్టేట్ అని మూడు రకాల వాయిస్, లోపలే స్టీరియో కోరస్. ఇది పైన బాగ మెరుస్తది. ఇట్లాంటి ప్రీఆంప్‌ను సాలిడ్ స్టేట్‌ల పెట్టేటప్పుడు నేను పైన చెప్పిన 3 కిలోహెర్ట్జ్ పెంచుడు వద్దు, బేస్ ఒక్కటే పెంచుర్రి. 6ఎల్6 ట్యూబ్ పవర్ ఆంప్‌తోని అయితే అట్లనే కలిసిపోతది, స్టీరియోల పెడితే ఆ కోరస్ కోసం కొన్నందుకు న్యాయం జరుగుతది.

మెసా బూగీ ట్రయాక్సిస్, 12ఏఎక్స్7 ట్యూబులు ఐదు, మోడ్‌లు ఎనిమిది. దీని కోసమే అన్నట్టు ఉండేది మెసా సైముల్ క్లాస్ 2:90, దాని మీద డీప్, మోడరన్, హాఫ్ డ్రైవ్ అని స్విచ్‌లు ఉంటయి, ట్రయాక్సిస్ వెనక స్విచింగ్ జాక్‌ల నుంచి ప్యాచ్‌తో పాటే అవి ఆన్, ఆఫ్ అయ్యేటట్టు కలపొచ్చు. బరువూ ధరా ఎక్కువ. చిన్న జాగల వాయించేటోళ్ళకు మెసా 20/20 ఉంది, ఈఎల్84 ట్యూబులు, ఛానల్‌కు 20 వాట్లు, చర్చికి అదే ఎక్కువ. కేటీ88 తోని వచ్చే వీహెచ్‌టీ 2/90/2 అయితే చిరగకుండ నిలబడే క్లీన్, ప్రీఆంప్ ఏది ఇస్తే అదే పెద్దగ చేసి ఇస్తది.

ఇక్కడ ఒక్క మాట. గెయిన్ అంతా ప్రీఆంప్‌లనే తీసుకునేటోళ్ళకు పవర్ ఆంప్ క్లీన్‌గ ఉండాలె, హెడ్‌రూమ్ (చిరగకుండ పెరిగే జాగ) కావాలె. క్రంచ్ మాత్రమే ప్రీఆంప్‌ల తీసుకుని మిగతా బరువు వెనక నుంచి రావాలనుకునేటోళ్ళకు తక్కువ వాట్ల ట్యూబ్ ఆంప్ మంచిది.

సరే, ఇంతకూ ఎన్ని వాట్లు కావాలె?

50 వాట్లకు 100 వాట్లకు తేడా 3 డెసిబెల్సే, జర ఎక్కువ అనిపిస్తది అంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలె. స్పీకర్ మారిస్తే అదే 3 డెసిబెల్స్ ఉచితంగ వస్తది: సెలెస్టియన్ జీ12టీ-75 సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఎంత లౌడ్ అనేది) 97 డెసిబెల్స్, వింటేజ్ 30 ది 100. అంటే 50 వాట్ల ఆంప్ వింటేజ్ 30 ల, 100 వాట్ల ఆంప్ టీ-75 ల దాదాపు ఒకటే లౌడ్.

చర్చికి, రూమ్ ప్రాక్టీస్‌కు ట్యూబ్ అయితే 20 వాట్లు. ఫంక్షన్ హాల్‌ల డ్రమ్స్ పక్కన 50 ట్యూబ్ వాట్లు, సాలిడ్ స్టేట్ అయితే క్యాబ్ ఓమ్స్ కాడ 100 పైన పెట్టుకోండ్రి, ఎందుకంటే అది క్లిప్ అయితే వినలేం, అందుకే జర ఎక్కువ ఉంచుకోవాలె. గ్రౌండ్‌ల పెద్ద స్టేజ్ అయితే ఎట్లాగూ క్యాబ్ ముందు మైక్ పెడతరు, ఆడ మీ వాట్లు మీకు వినిపించడానికే.

పవర్ ఆంప్‌కు పైసలు లేవు. ఉన్న కాంబో ఆంప్ వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, మొదట అదే చేయమంట. వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అనో పవర్ ఆంప్ ఇన్ అనో ఉంటే అండ్ల ప్రీఆంప్ అవుట్ పెట్టుర్రి, కాంబో సొంత ప్రీఆంప్ పక్కకు పోతది, పవర్ సెక్షన్, స్పీకరే పనిచేస్తయి. ఆ ఎఫెక్ట్స్ లూప్ ప్యారలల్ (కాంబో సొంత సిగ్నల్ గూడ కలిపే రకం) అయితే మిక్స్ 100 శాతం పెట్టాలె. ముందున్న గిటార్ ఇన్‌పుట్‌ల మాత్రం పెట్టొద్దు, ప్రీఆంప్ మీద ప్రీఆంప్ పడి బురద అయితది. కీబోర్డ్ ఆంప్ గూడ నడుస్తది గానీ దానికి కింద చెప్పే క్యాబ్ సిమ్ (గిటార్ స్పీకర్ సౌండ్‌ను నకలు చేసే ఫిల్టర్) కావాలె.

క్యాబ్ సిమ్, స్పీకర్ ఎమ్యులేషన్ ఎప్పుడు ఆన్ చేయాలె?

గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏం వినిపించదు, డిస్టార్షన్‌ల ఉండే ఇసుక అంతా అక్కడనే ఆగుతది. పీఏ బాక్స్‌ల ట్వీటర్ ఉంటది, ఆ ఇసుక మొత్తం బయటికొస్తది. కాబట్టి గిటార్ క్యాబ్‌కు పోయే దారిల సిమ్ ఆఫ్, మిక్సర్‌కు పోయే దారిల ఆన్. జేఎంపీ-1 కు వెనక మామూలు అవుట్‌లు, ఎమ్యులేటెడ్ అవుట్‌లు వేరువేరుగ ఉన్నయి, ఒకటి పవర్ ఆంప్‌కు, ఇంకోటి డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు పనికొచ్చేటట్టు మార్చే డబ్బా) మీదుగ మిక్సర్‌కు ఒకేసారి పంపొచ్చు. అట్ల లేని ప్రీఆంప్‌కు మిక్సర్ దారిల ఒక ఐఆర్ లోడర్ (క్యాబ్ సౌండ్ నకలు వేసే) పెడల్ పెడితే పని అయితది.

హమ్ వస్తుంది. ఎర్త్ పిన్ తీసేస్తే పోయింది. అట్లనే ఉంచొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ట్యూబ్ పవర్ ఆంప్ లోపల 400, 500 వోల్ట్‌లు ఉంటయి, లోపల ఏదన్నా వైరు బాడీకి తగిలితే ఎర్త్ ఉంటే ఫ్యూజ్ పోతది, ఎర్త్ లేకుంటే గిటార్ తీగెల నుంచి మీ చేతికి, మైక్ నుంచి మీ మూతికి వస్తది. తడి నేల మీద షామియానా కింద స్టేజ్ అయితే చెప్పేదే లేదు.

హమ్ ఎక్కువసార్లు గ్రౌండ్ లూప్ వల్ల వస్తది: రెండు యూనిట్లూ ఎర్త్ అయి ఉంటయి, ర్యాక్ ఇనుప పట్టీల నుంచి ఒకసారి, సిగ్నల్ కేబుల్ షీల్డ్ నుంచి ఇంకోసారి కలుస్తయి. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డ్ నుంచి తీసుకోవాలె. ర్యాక్ స్క్రూల కాడ ప్లాస్టిక్ వాషర్లు పెట్టి చూడాలె. అయినా పోకుంటే ప్రీఆంప్, పవర్ ఆంప్ మధ్యల సిగ్నల్ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలె. యూనిట్లు ఒక్కొక్కటే కలుపుతూ పోతే ఏది కలిపినప్పుడు మొదలైందో దొరుకుతది. గిటార్ వాల్యూమ్ సున్నా చేస్తే పోయే హమ్ అయితే అది లూప్ గాదు, పికప్ నుంచి వచ్చేది.

అమెరికా నుంచి మా బావ తెచ్చిండు, 120 వోల్ట్ అని రాసుంది. డైరెక్ట్ పెట్టొచ్చా?

పెట్టొద్దు, మనది 230 వోల్ట్, పెట్టిన క్షణం పోతది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలె. ప్రీఆంప్ ఒక్కదానికి చిన్నది సాలు, ట్యూబ్ పవర్ ఆంప్‌కు వెనక రాసిన వాట్లకు రెండింతలుండేది తీసుకోండ్రి. ఆడ 60 హెర్ట్జ్, మన కాడ 50, అందుకే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ జర ఎక్కువ వేడెక్కుతది, గాలి ఆడేటట్టు చూడాలె. కొన్ని యూనిట్లల్ల లోపల వైరింగ్ మార్చి 230 చేయొచ్చు, అది తెలిసిన టెక్నీషియన్ పని.

పల్లెల్ల ప్రోగ్రాంలకు పోతం, కరెంట్ హెచ్చుతగ్గులు. ట్యూబ్ ఆంప్ తట్టుకుంటదా?

కొంచెం తగ్గితే ఏం గాదు, టోన్ మెత్తబడుతది, వాల్యూమ్ తగ్గుతది. పొలాల్ల మోటర్లు నడిచే టైంల, లేకుంటే లైటింగ్ అంతా ఒకే లైన్ మీద ఉంటే వోల్టేజ్ దిగుడు కనిపిస్తది. అసలు ఇబ్బంది మీడి (ఫుట్ స్విచ్ నుంచి ప్యాచ్‌లు మార్చే డిజిటల్ పద్ధతి) ఉన్న ప్రీఆంప్‌కే, వోల్టేజ్ ఒక్కసారి కిందికి పడితే ప్రాసెసర్ రీసెట్ అయి పాట మధ్యల మొదటి ప్యాచ్‌కు పోతది. ప్రీఆంప్, ఎఫెక్ట్స్ వరకు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఈ బాధ పోతది, వాటికి కరెంట్ తక్కువనే కావాలె. జనరేటర్ అయితే ఆన్ చేసి, లైట్లన్నీ వేసినంక, ప్లగ్‌ల మీటర్ పెట్టి చూసినంకనే ర్యాక్ కలపాలె. ఆన్ చేసేటప్పుడు ప్రీఆంప్ ముందు, పవర్ ఆంప్ చివర. ఆఫ్ చేసేటప్పుడు పవర్ ఆంప్ ముందు.

మీడి ఫుట్ స్విచ్, ప్యాచ్‌లు?

ఐదు పిన్‌ల మీడి కేబుల్, రెండు దిక్కులా ఒకే మీడి ఛానల్, అంతే. పాత ప్రీఆంప్‌లల్ల ప్యాచ్‌లు లోపల చిన్న బ్యాటరీ మీద నిలుస్తయి, అది అయిపోతే అన్నీ పోతయి. కొనంగనే ప్యాచ్‌లన్నీ సిసెక్స్ డంప్ (మీడి కేబుల్ మీదుగ ప్యాచ్‌ల కాపీ) తీసి కంప్యూటర్‌ల పెట్టుకోండ్రి, లేకుంటే కనీసం నోట్‌బుక్‌ల నంబర్లు రాసుకోండ్రి.

పవర్ ట్యూబులు మారిస్తే టోన్ మారుతదా? 6ఎల్6 తీసి ఈఎల్34 పెట్టొచ్చా?

రెండూ ఒకే సాకెట్‌ల దూరుతయి, అందుకే ఈ ప్రశ్న ప్రమాదం. బయాస్ (ట్యూబుల ఊరికే ఉన్నప్పుడు పారే కరెంట్ సెట్టింగ్) వేరు, హీటర్ కరెంట్ ఈఎల్34 కు ఎక్కువ, 1వ పిన్ వైరింగ్ వేరు. ఆంప్ తయారుచేసినోళ్ళు రెండూ నడుస్తయని రాస్తే తప్ప చేయొద్దు. ఒకే రకం కొత్త ట్యూబులు వేసినా మ్యాచ్డ్ సెట్ వేసి బయాస్ సెట్ చేయించాలె. మూత తీసి సొంతంగ చేయొద్దు, ప్లగ్ తీసినంక గూడ కెపాసిటర్లల్ల ఛార్జ్ నిలబడి ఉంటది. ప్రీఆంప్ చిన్న ట్యూబులకు బయాస్ అక్కర్లేదు, ఆఫ్ చేసి చల్లారినంక మార్చుకోవచ్చు.

ర్యాక్‌ల ఏది ఎక్కడ పెట్టాలె?

పవర్ ఆంప్ అడుగున, రెండు ఛానళ్ళ 100 వాట్ల ట్యూబ్ ఆంప్ అంటే లోపల మూడు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, ముందు చెవుల మీద వేలాడదీస్తే ఆర్టీసీ బస్సు కుదుపులకు పట్టీ వంగుతది, వెనక గూడ సపోర్ట్ కావాలె. దాని పైన కనీసం 1యు ఖాళీ, అంటే ఒకటిముప్పావు ఇంచు. మే నెలల నల్లగొండ ఎండ 43, 44 పోతది, మధ్యాహ్నం సౌండ్ చెక్ అంటే ర్యాక్ వెనక మూత తీసి, ఒక టేబుల్ ఫ్యాన్ దాని దిక్కు తిప్పి పెట్టుర్రి. ప్రీఆంప్ అన్నిటికన్నా పైన, పవర్ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ కాడికెళ్ళి ఎంత దూరముంటే హమ్ అంత తక్కువ.

సెకండ్ హ్యాండ్ పవర్ ఆంప్ చూడపోతే ఏం చెక్ చేయాలె?

మీ క్యాబ్ లేకుంటే కనీసం ఓమ్స్ తెలిసిన స్పీకర్ ఒకటి తీసుకపోండ్రి, స్పీకర్ లేకుండ ఆన్ చేసి లైట్ చూపిస్త అంటే ఒప్పుకోవద్దు. రెండు ఛానళ్ళూ వేరువేరుగ వాయించి వాల్యూమ్, టోన్ ఒకేలా ఉన్నయా వినాలె. అరగంట ఆన్‌ల ఉంచాలె, ట్యూబ్ ప్లేట్ ఎర్రగ కాలుతుంటే బయాస్ పోయినట్టు. కాలిన వార్నిష్ వాసన వస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానం, ఎంత తక్కువకిచ్చినా వదిలేయండ్రి. ఫ్యూజ్ తీసి చూడుర్రి, రాసిన రేటింగ్ కన్నా పెద్దది వేసి ఉన్నా, వెండి కాగితం చుట్టి ఉన్నా లోపల ఏదో జరిగింది. నాబ్ తిప్పితే గరగర వస్తే అది చిన్న సంగతే, కాంటాక్ట్ క్లీనర్‌తోని పోతది. స్పేర్లకు కోఠి గుజరాతీ గల్లీ పోతే కెపాసిటర్లు, జాక్‌లు, ఫ్యూజ్‌లు దొరుకుతయి, పవర్ ట్యూబులు మాత్రం ఎక్కువగ ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాల్సిందే, అందుకే ఒక సెట్ ముందే కొని ఇంట్ల పెట్టుకోండ్రి.